ధ్రువాల సముద్రపు బురదను ఎంతవరకు నమ్మొచ్చు?

2023 ఫిబ్రవరిలో అంటార్కిటికా చుట్టూ ఉండే సముద్రపు మంచు 17.9 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహాలతో లెక్క మొదలైన తర్వాత అంత తక్కువ అంతకు ముందెప్పుడూ లేదు. అదే ఏడాది సెప్టెంబరులో, అంటే అక్కడ చలికాలం ముగుస్తూ మంచు బాగా పరుచుకుని ఉండాల్సిన రోజుల్లో, అది 1.7 కోట్ల చదరపు కిలోమీటర్లను కూడా అందుకోలేదు. చలికాలపు మంచుకు 1986లో నమోదైన పాత కనిష్ఠం కంటే ఇది ఇంకో పది లక్షలు తక్కువ. "చరిత్రలో ఎన్నడూ లేనంతగా" అని వార్తలు వచ్చాయి. బాగానే ఉంది, కానీ ఆ చరిత్ర వయసెంత? ఉపగ్రహాల నిరంతర లెక్క మొదలైందే 1978 చివర్లో. అంతకు ముందుది కావాలంటే తిమింగలాల వేటకు వెళ్లిన ఓడల రికార్డులు, అన్వేషకుల డైరీలు ఉన్నాయి, అవీ అక్కడో ముక్క ఇక్కడో ముక్క. యాభై ఏళ్లు కూడా నిండని లెక్క పట్టుకుని ఒక మహాసముద్రం స్వభావం గురించి తీర్పు చెప్పడం కష్టం.

అందుకే శాస్త్రవేత్తలు బురద తవ్వుతారు. ధ్రువాల దగ్గర సముద్రం అడుగున వేల ఏళ్లుగా, కోట్ల ఏళ్లుగా పేరుకున్న ఒండ్రులో ఏకకణ జీవుల పెంకులుంటాయి, పుప్పొడి ఉంటుంది, సిద్ధబీజాలుంటాయి. వాటిని చూసి "ఇక్కడ అప్పట్లో చలికాలంలో మంచు ఉండేది", "ఇక్కడ నీరు ఇంత వెచ్చగా ఉండేది" అని చెప్తారు. వినగానే ఎవరికైనా ఒక అనుమానం రావాలి: మైక్రోస్కోపులో కనిపించే గాజు ముక్కను చూసి ఇంత మాట ఎలా అంటారు? అనుమానం న్యాయమైనదే. ఈ రంగంలో పెద్ద పెద్ద తగాదాలన్నీ దాని చుట్టూనే నడిచాయి. శిలాజం ఏ జీవిదో గుర్తుపట్టడం ఓపికతో నేర్చుకోగల పని. అది అక్కడికి ఎలా చేరింది, దానితో పాటు రావాల్సినవి దారిలో ఎన్ని పోయాయి అన్నదే అసలు చిక్కు.

ముందు ముఖ్యమైన సాక్షి గురించి. డయాటమ్‌లు కాంతితో ఆహారం తయారుచేసుకునే ఏకకణ జీవులు. భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు ఐదో వంతు వీటిదే. నీటిలో కరిగిన సిలికాను పీల్చుకుని, ఒంటి చుట్టూ సన్నటి రంధ్రాలున్న గాజులాంటి పెంకు కట్టుకుంటాయి. జాతిని బట్టి ఆ రంధ్రాల వరుసలు, గీతలు, అంచులు మారతాయి కాబట్టి పెంకు చూస్తే జీవి పేరు చెప్పొచ్చు. చాలా పెంకులు మన వెంట్రుక మందం కంటే చిన్నవి, అందుకే వెయ్యి రెట్లు పెద్దది చేసి చూడాలి. అంటార్కిటికా చుట్టూ సముద్రం అడుగున వీటి పెంకులతోనే నిండిన బురద ఒక పెద్ద పట్టీలా ఉంది. 1872–76 మధ్య ప్రపంచ సముద్రాలు చుట్టిన ఛాలెంజర్ ఓడ ఆ బురదను పైకి తీసినప్పటి నుంచి ఆ సంగతి తెలుసు.

మనకు పనికొచ్చే గుణం ఏమిటంటే, ఇవి ఎక్కడ పడితే అక్కడ పెరగవు. సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పు బయటికి నెట్టబడి, మంచులో ఉప్పునీటి సన్నటి కాలువలు మిగులుతాయి. కొన్ని డయాటమ్‌లు ఆ కాలువల్లోనే కాపురం పెడతాయి, వసంతంలో మంచు కరగగానే ఆ అంచు నీటిలో విపరీతంగా పెరుగుతాయి. ఫ్రాజిలారియాప్సిస్ కర్టా, ఫ్రాజిలారియాప్సిస్ సిలిండ్రస్ అనే రెండు జాతులు అలాంటివి. వాటి దాయాది ఫ్రాజిలారియాప్సిస్ కెర్గ్యులెన్సిస్ మాత్రం మంచు జోలికి పెద్దగా పోదు, దానికి తెరిచిన సముద్రం కావాలి. 2000లో జర్మనీలోని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థకు చెందిన రైనర్ గెర్సోండే, ఆయన సహచరుడు జీలిన్‌స్కీ కలిసి నేటి సముద్రం అడుగున పైపొర బురదను, పైనున్న ఉపగ్రహ మంచు పటాలతో పోల్చి చూశారు. కర్టా, సిలిండ్రస్ రెండూ కలిపి మొత్తం డయాటమ్‌లలో 3 శాతం దాటితే ఆ చోట చలికాలంలో మంచు ఉంటుందని, 1 నుంచి 3 శాతం మధ్య ఉంటే మంచు అంచు దగ్గర్లో ఉన్నట్టని తేల్చారు.

మూడే శాతమా అని తీసిపారేయకండి. అంత తక్కువ ఎందుకన్నది తెలిస్తే ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. సముద్రపు నీటికి ఇంకా సిలికాను కరిగించుకునే శక్తి ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి డయాటమ్ చచ్చిన క్షణం నుంచి దాని పెంకు కరగడం మొదలవుతుంది. ప్రపంచం మొత్తం మీద తయారయ్యే పెంకుల సిలికాలో దాదాపు 3 శాతం మాత్రమే చివరికి అడుగున భద్రపడుతుందని లెక్క. ఆ దక్కేది కూడా అన్ని జాతులకూ సమానంగా దక్కదు. సిలిండ్రస్ పెంకు చిన్నది, పల్చటిది, తొందరగా కరిగిపోతుంది. కెర్గ్యులెన్సిస్ పెంకు మందం, మొండిది. వరదొచ్చాక ఊరికి వెళ్లి మేడలు మాత్రమే చూసి "ఈ ఊళ్లో పూరిళ్లే లేవన్నమాట" అనుకుంటే ఎంత తప్పో, బురదలో కెర్గ్యులెన్సిస్ మాత్రమే చూసి ఇక్కడ మంచు లేదనేయడం అంత తప్పు. కాబట్టి పెంకుల జాబితా చదివే ముందు అవి ఏ స్థితిలో ఉన్నాయో చూస్తారు: అంచులు అరిగాయా, రంధ్రాలు పెద్దవయ్యాయా, మొండి జాతుల వాటా అనుమానం వచ్చేంత ఎక్కువగా ఉందా. అరుగుదల ఎక్కువైన నమూనాను పక్కన పెట్టడం కూడా ఈ పనిలో భాగమే.

ఇంకో విషయం. పెంకు విడిగా మునిగితే కిలోమీటర్ల లోతుకు చేరడానికి నెలలు పడుతుంది, ఈలోగా ప్రవాహాలు దాన్ని ఎక్కడికైనా ఈడ్చుకుపోవచ్చు. మరి పైనున్న మంచు పటానికీ కింది బురదకూ ఇంత పొంతన ఎలా కుదిరింది? చాలావరకు పెంకులు ఒంటరిగా మునగవు. చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు డయాటమ్‌లను తిని విసర్జించే ఉండల్లోనో, డయాటమ్‌లే జిగురుతో అంటుకుని ఏర్పడిన గుత్తుల్లోనో త్వరగా కిందికి దిగుతాయి. అడుగుకు చేరాక మాత్రం ఆ భరోసా లేదు. అడుగు ప్రవాహాలు ఒకచోట బురద ఊడ్చి ఇంకోచోట పోస్తాయి. అది పైనుంచి పడిందా, పక్కనుంచి వచ్చిందా తేల్చడానికి థోరియం-230 అనే రేడియోధార్మిక పదార్థాన్ని కొలుస్తారు. సముద్రపు నీటిలోని యురేనియం నుంచి అది ఇంత లోతుకు ఇంత అని స్థిరంగా పుడుతుంది కాబట్టి, బురదలో లెక్కకు మించి కనిపించిందంటే పక్కనుంచి కొట్టుకొచ్చిన సరుకు కలిసిందని అర్థం.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నాక వచ్చిన ఫలితం మాత్రం గొప్పది. గత మంచుయుగం ఉచ్ఛస్థితిలో, అంటే దాదాపు 20 వేల ఏళ్ల క్రితం, అంటార్కిటికా చలికాలపు మంచు 3.9 కోట్ల చదరపు కిలోమీటర్లు ఉండేదని గెర్సోండే బృందం 2005లో చెప్పింది. ఈ కాలపు సగటుకు అది రెట్టింపు. వేసవి మంచు విషయంలో మాత్రం ఇంత ధీమా లేదు, దానికి కారణం కూడా డయాటమ్‌ల బతుకులోనే ఉంది. ఏడాది పొడవునా మంచు కప్పి ఉన్నచోట కాంతి అందదు, డయాటమ్‌లు పెరగవు, బురదలో పెంకులు ఉండవు. లేని పెంకులతో వాదన నిలబెట్టడం కష్టం. 1981లో క్లైమాప్ అనే ప్రాజెక్టు ప్రచురించిన మంచుయుగపు పటాల్లో వేసవి మంచును చాలా దూరం పరిచేశారు, డయాటమ్ బురద ఎక్కడ ఆగి బంకమట్టి మొదలైందో అదే వేసవి మంచు హద్దని లెక్కేసుకుని. ఆ హద్దు నిజానికి వసంతంలో మంచు ఎక్కడిదాకా ఉందో చెబుతోందని తర్వాత వాదనలు వచ్చాయి. కొత్త పటాల్లో అట్లాంటిక్ వైపున్న వెడెల్ సముద్రం దగ్గర తప్ప మిగతాచోట్ల వేసవి మంచు బాగా తగ్గింది.

ఇక్కడిదాకా చదివి, ఇంత తంటా ఎందుకు, రసాయనాలతో తేల్చొచ్చు కదా అనొచ్చు. అదీ చేస్తున్నారు. 2007లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో సైమన్ బెల్ట్ బృందం ఐపీ25 అనే కొవ్వు పదార్థాన్ని ముందుకు తెచ్చింది. ఆర్కిటిక్ మంచులో బతికే కొన్ని డయాటమ్‌లు మాత్రమే తయారుచేసే, 25 కార్బన్‌లున్న అణువు అది. పెంకు కరిగిపోయినా ఈ అణువు మిగులుతుంది. అంటార్కిటికాకు దాని దాయాది ఇప్సో25 ఉంది, కానీ దాన్ని తయారుచేసే డయాటమ్ బెర్క్‌లియా అడెలియెన్సిస్ ఎక్కువగా తీరానికి దగ్గరి మంచులోనే ఉంటుంది. కాబట్టి అది తీరం కబురు చెబుతుంది, నడి సముద్రం కబురు కాదు. అయినా పెంకులూ రసాయనమూ ఒకే మాట చెప్పినప్పుడు నమ్మకం పెరుగుతుంది. రెండూ పొసగనప్పుడే నిజానికి ఆసక్తికరమైన సంగతులు బయటపడతాయి.

రెండో సాక్షి ఫొరామినిఫెరా. ఇవి సున్నం పెంకులు కట్టుకునే ఏకకణ జీవులు. ఉత్తర ధ్రువం వైపు చదువులో వీటిదే పెద్ద పీట. నియోగ్లోబోక్వాడ్రైనా ప్యాకిడెర్మా అనే జాతి కథ చెప్పి తీరాలి. దీని పెంకు నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది, కొన్ని ఎడమకు, కొన్ని కుడికి. 1959లో డేవిడ్ ఎరిక్సన్ చల్లటి నీటిలో ఎడమ చుట్టువి, కొంచెం వెచ్చటి నీటిలో కుడి చుట్టువి ఎక్కువని గమనించి, ఆ నిష్పత్తిని వాతావరణ సూచికగా వాడొచ్చన్నాడు. దశాబ్దాల పాటు అందరూ ఒకే జాతి చలికి ఎడమ తిరుగుతోందనే అనుకున్నారు. 2006లో కేట్ డార్లింగ్ బృందం జన్యువులు పరిశీలించి, అవి అసలు రెండు వేర్వేరు జాతులని తేల్చింది. కుడి చుట్టుదానికి నియోగ్లోబోక్వాడ్రైనా ఇన్‌కాంప్టా అనే పేరు స్థిరపడింది. తమాషా ఏమిటంటే దీంతో పాత లెక్కలు కూలిపోలేదు, ఇంకా గట్టిపడ్డాయి. జీవి తన చుట్టు మార్చుకోవడం లేదు, చల్లటి నీటి జాతి పోయి వెచ్చటి నీటి జాతి వస్తోంది. వివరణ తప్పైనా సూచిక పనిచేస్తూ ఉండొచ్చు. సైన్సులో అప్పుడప్పుడూ దక్కే అదృష్టం ఇది, దాని మీద ఆధారపడితే మాత్రం ప్రమాదం.

ఫొరామినిఫెరా పెంకుల్లో ఆక్సిజన్-18 (ఆక్సిజన్‌లో కాస్త బరువైన రకం) వాటాను కొలిచి నీటి ఉష్ణోగ్రతనూ, భూమి మీద మంచు ఎంత పేరుకుందో దాన్నీ అంచనా కడతారు. రెండూ ఒకే అంకెలో కలిసిపోయి వస్తాయి కాబట్టి విడదీయడానికి పెంకులోని మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని వాడతారు. అంటార్కిటికా తీరం దగ్గరి చల్లటి నీటిలో మాత్రం సున్నం పెంకులు సులువుగా కరిగిపోతాయి, చాలాచోట్ల అసలు దొరకవు. దీంతో ఇంకో ఇబ్బంది. సున్నం పెంకు లేకపోతే రేడియోకార్బన్ వయసు కట్టడానికి మంచి వస్తువు లేనట్టే. బురదలోని మొత్తం జీవ పదార్థాన్ని తీసి వయసు కడితే, మంచునదులు రాళ్లను అరగదీసి తెచ్చిన ప్రాచీన కార్బన్ అందులో కలిసి, నిన్న మొన్న పడిన పైపొర కూడా వేల ఏళ్ల నాటిదని చెబుతుంది. అది చాలదన్నట్టు దక్షిణ మహాసముద్రంలో లోతు నుంచి పైకి వచ్చే పాత నీటి వల్ల బతికున్న జీవులకే వెయ్యేళ్లకు పైగా వయసు వస్తుంది. అందుకని డయాటమ్‌ల మీదే ఆధారపడి వయసు కట్టే దారి ఒకటుంది: ఫలానా జాతి ఫలానా కాలంలో అంతరించిందని తెలిస్తే, అది చివరిసారి కనిపించే పొర ఒక తేదీ అవుతుంది. రౌక్సియా లెవెంటరే అనేది దాదాపు 1,30,000–1,40,000 ఏళ్ల క్రితం కనుమరుగైంది. ఆ పేరు గుర్తుంచుకోండి, చివర్లో పని ఉంది.

మన హిందూ మహాసముద్రం పేరు ఈ రంగంలో శాశ్వతంగా నిలిచిపోయిన సందర్భం ఒకటి ఇక్కడ చెప్పాలి. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అనే ముగ్గురు ఈ సముద్రపు దక్షిణ కొసన 43, 46 డిగ్రీల దక్షిణ అక్షాంశాల దగ్గర తీసిన రెండు కోర్‌లను (సముద్రం అడుగులోకి గొట్టం దించి నిలువుగా తీసిన బురద స్తంభాలు) కలిపి నాలుగున్నర లక్షల ఏళ్ల రికార్డు తయారుచేశారు. రేడియోలేరియా అనే ఇంకో రకం గాజు పెంకు జీవుల జాతులను లెక్కించి వేసవి ఉష్ణోగ్రత కట్టారు. సైక్లాడోఫోరా డేవిసియానా అనే ఒక జాతి వాటాను విడిగా చూశారు. ఫొరామినిఫెరా ఆక్సిజన్‌ను కొలిచారు. మూడింటిలోనూ దాదాపు లక్ష ఏళ్లు, 40 వేల ఏళ్లు, 20 వేల ఏళ్ల లయలు దొరికాయి. భూమి కక్ష్య, వాలు, ఊగిసలాటల లయలూ అవే. మంచుయుగాలు భూమి కదలికల తాళానికి వస్తూ పోతూ ఉన్నాయని గట్టిగా నిలబెట్టిన పరిశోధన అదే. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు కొలతలు ఒకే బురదలో ఒకే లయ చూపించడం దాని బలం. ఒక్క కొలతే ఉంటే ఎవరైనా పక్కకు తోసేసేవారు.

సరే, ఇప్పుడు అసలు తగాదా. 1984లో పీటర్ వెబ్, డేవిడ్ హార్‌వుడ్, వారి సహచరులు ఒక బాంబు పేల్చారు. అంటార్కిటికాను రెండుగా చీల్చే ట్రాన్సంటార్కిటిక్ పర్వతాల ఎత్తుల మీద సిరియస్ అనే పేరున్న పాత మంచునది నిక్షేపాల్లో సముద్రపు డయాటమ్‌లు దొరికాయని ప్రకటించారు. కొన్ని జాతులు దాదాపు 30 లక్షల ఏళ్ల నాటివి. వారి వాదన ఇదీ: పర్వతాల వెనక, ఇప్పుడు కిలోమీటర్ల మందం మంచు కింద ఉన్న లోతట్టు ప్రాంతాల్లో అప్పట్లో సముద్రం ఉండేది, డయాటమ్‌లు అక్కడ పెరిగి అడుగున చేరాయి, తర్వాత మంచు మళ్లీ పెరిగి ఆ బురదను గీకి ఎత్తి పర్వతాల మీదికి మోసుకొచ్చింది. అంటే తూర్పు అంటార్కిటికా మంచు ఫలకం, అందరూ ఎప్పటి నుంచో కదలకుండా ఉందనుకునేది, మొన్న మొన్ననే చాలావరకు కరిగిపోయి మళ్లీ ఏర్పడిందన్నమాట. భూవిజ్ఞానంలో 30 లక్షల ఏళ్లంటే మొన్నే.

అవతలి పక్షం ఊరుకోలేదు. డ్రై వ్యాలీస్ అనే మంచులేని లోయల్లో అగ్నిపర్వత బూడిద కోటి ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా పడి ఉందని, మంచు అంతగా కరిగి మళ్లీ పెరిగి ఉంటే, అంత వెచ్చదనం వచ్చి ఉంటే, ఆ నేల అలా మిగిలేది కాదని చూపించారు. డయాటమ్‌ల సంగతేంటి అంటే, గాలికి కొట్టుకొచ్చాయన్నారు. మాట వరసకు అన్నది కాదు. 1996లో లాయిడ్ బర్కిల్, ఆయన సహచరుడు పాటర్, సముద్రంతో ఏ సంబంధమూ లేని అగ్నిశిలల పగుళ్లలో డయాటమ్‌లున్నాయని చూపించారు. దక్షిణ ధ్రువం దగ్గరి మంచులోనూ గాలికి వచ్చిన డయాటమ్‌లు దొరికాయి. రాతి పగుళ్లలోకే గాలి వీటిని చేర్చగలిగితే సిరియస్ మట్టి మీదికి చేర్చలేదా? ఇరుపక్షాలూ ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. జాతులు ఏవన్న దాని మీద పెద్ద పేచీ లేదు. పేచీ అంతా ఎలా వచ్చాయన్న దాని మీదే. అవే పెంకులు, రెండు వ్యతిరేక చరిత్రలు.

2016లో రీడ్ షెరర్ బృందం ఇచ్చిన సమాధానం చూస్తే నవ్వొస్తుంది, ఎందుకంటే ఇద్దరూ కొంత కొంత కరెక్టే. గాలే తెచ్చింది, కానీ తెచ్చింది ఎక్కడినుంచి? ప్లయోసీన్ కాలపు (దాదాపు 53 లక్షల నుంచి 26 లక్షల ఏళ్ల క్రితం) వెచ్చటి దశల్లో తూర్పు అంటార్కిటికా అంచున విల్క్స్, అరోరా లోతట్టు ప్రాంతాల్లో మంచు వెనక్కి తగ్గి సముద్రం లోపలికి వచ్చింది. మీద మంచు బరువు పోయేసరికి నేల మెల్లగా పైకి లేచి, డయాటమ్ బురద గాలికి ఆరింది, ఈదురు గాలులు ఆ దుమ్మును పర్వతాల మీదికి మోసుకెళ్లాయి. మంచు, వాతావరణ కంప్యూటర్ మోడల్‌లతో ఈ క్రమాన్ని నడిపించి చూపించారు. మొత్తం ఫలకం కూలిపోలేదు, అలాగని కదలకుండా కూర్చోనూ లేదు. నా మటుకు నాకు ఇది ఒప్పించే కథే, కానీ ఇందులో మోడల్ వాటా ఎక్కువన్నది మర్చిపోకూడదు.

పర్వతం మీది డయాటమ్‌కు ఇంత పంచాయితీ ఉంటే, సముద్రం అడుగున పేరుకున్నచోటే పొరలు పొరలుగా దొరికితే గొడవే ఉండదు కదా? అండ్రిల్ ప్రాజెక్టు అదే చేసింది. 2006–07 వేసవిలో అంటార్కిటికాలో రాస్ సముద్రం ఒడ్డునున్న మెక్‌ముర్డో దగ్గర నీటి మీద తేలే, దాదాపు 85 మీటర్ల మందమున్న మంచు పలక మీద రిగ్గు నిలబెట్టి, మంచునూ దాని కిందున్న ఎనిమిది వందల మీటర్లకు పైగా లోతు నీటినీ దాటించి, అడుగున 1,285 మీటర్ల దాకా తవ్వారు. పైకి వచ్చిన కోర్‌లో మంచునది రుద్ది తెచ్చిన రాళ్లూ మట్టీ ఒక పొర, దాని మీద డయాటమ్ పెంకుల పొర, మళ్లీ రాళ్లు, మళ్లీ డయాటమ్‌లు, ఇలా మార్చి మార్చి ఉన్నాయి. కొన్నిచోట్ల డయాటమ్ పొర పదుల మీటర్ల మందం. మంచు పలక ఉన్నచోట కాంతి ఉండదు, కాంతి లేనిచోట డయాటమ్‌లు ఇంత మందంగా పేరుకోవు. అంటే ప్లయోసీన్‌లో రాస్ సముద్రం మళ్లీ మళ్లీ తెరుచుకుంది. ఆ తెరుచుకోవడాలు భూమి వాలు మారే దాదాపు 40 వేల ఏళ్ల లయకు సరిపోతున్నాయని 2009లో టిమ్ నైష్ బృందం చెప్పింది. అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 400 పాళ్లు. ఇప్పుడు మనం 420 దాటేశాం.

ఆర్కిటిక్ వైపు తిరిగితే అక్కడి కథలో మన రైతులకు బాగా తెలిసిన మొక్క ఒకటుంది. 2004లో ఉత్తర ధ్రువానికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలో, లోమోనోసోవ్ అనే నీటి అడుగు పర్వతశ్రేణి మీద మొదటిసారి లోతుగా తవ్వారు. డ్రిల్లింగ్ ఓడ కదలకుండా ఉండాలంటే రెండు ఐస్‌బ్రేకర్లు, అందులో ఒకటి రష్యా అణుశక్తి ఓడ, కొట్టుకొచ్చే మంచును చుట్టూ పగలగొడుతూ ఉండాల్సి వచ్చింది. దాదాపు 4.9 కోట్ల ఏళ్ల నాటి పొరలో దొరికింది అజొల్లా. వరి మడుల్లో నత్రజని కోసం వేసే, తొట్లలో పెంచి గేదెలకు మేపే ఆ అజొల్లా కోవకు చెందిన మొక్కే. అది మంచినీటి మొక్క, ఉప్పునీటిలో నిలవదు. మరి ఆర్కిటిక్ సముద్రం నడిమధ్యకు ఎలా వచ్చింది? మళ్లీ అదే ప్రశ్న. ఒడ్డున చెరువుల్లో పెరిగింది నదులు మోసుకొచ్చాయనొచ్చు. హెంక్ బ్రింక్‌హౌస్ బృందం 2006లో దానికి ఒప్పుకోలేదు. ఆడ సిద్ధబీజాలకు మగ సిద్ధబీజాల గుత్తులు తగులుకునే ఉన్నాయి, అంటే మొక్క అక్కడే పునరుత్పత్తి చేసుకుంది. పైగా ఇవి ఎంత విపరీతంగా ఉన్నాయంటే, దూరం నుంచి కొట్టుకొచ్చిన సరుకు అలా ఉండదు. చుట్టూ దాదాపు మూసుకుపోయిన ఆర్కిటిక్ మీద, ఏరులు తెచ్చిన మంచినీరు ఉప్పునీటి పైన పొరలా తేలింది, ఆ పొర మీద అజొల్లా దాదాపు ఎనిమిది లక్షల ఏళ్ల పాటు వస్తూ పోతూ పరుచుకుంది. అదే కోర్‌లో ఇంకా కిందికి, 5.5 కోట్ల ఏళ్ల నాటి పొరలో, వెచ్చటి సముద్రాల్లో ఉండే అపెక్టోడీనియం అనే జీవి కోశాలు దొరికాయి. రసాయన కొలతల ప్రకారం అప్పటి ఆర్కిటిక్ నీటి ఉష్ణోగ్రత 23 డిగ్రీల దాకా వెళ్లింది.

అంటార్కిటికా కూడా తక్కువ తినలేదు. 2010లో విల్క్స్ ల్యాండ్ తీరం దగ్గర తవ్విన కోర్‌లో ఐదు కోట్ల ఏళ్లకు పూర్వపు తాటి కుటుంబం చెట్ల పుప్పొడి, మన బూరుగు చేరే ఉపకుటుంబానికి చెందిన చెట్ల పుప్పొడి కనిపించాయి. నెలల తరబడి చీకటి ఉండే ఆ అక్షాంశాల్లో కూడా చలికాలం సగటు 10 డిగ్రీల కంటే ఎక్కువే ఉండి ఉండాలని వాటిని బట్టి లెక్క. ఇక్కడ చూడాల్సింది పాత రాళ్ల నుంచి ఊడి వచ్చిన ఇంకా ప్రాచీన పుప్పొడి కలిసిందేమోనని. భూమి లోపల ఎక్కువ కాలం వేడికి ఉన్న పుప్పొడి రంగు ముదురుతుంది కాబట్టి వేరు చేయొచ్చు. అదే యాత్రలో అడెలీ తీరం దగ్గర 170 మీటర్ల డయాటమ్ బురద దొరికింది, మొత్తం గత 11,400 ఏళ్లలో పేరుకున్నదే. అంటే ఏడాదికి సెంటీమీటరున్నర. నడి సముద్రంలో వెయ్యేళ్లకు కొన్ని సెంటీమీటర్లే పేరుకుంటుంది, అదీ పురుగులు కలియబెట్టేస్తాయి. అడెలీ కోర్‌లో ఏ ఏటి పొర ఆ ఏటికి విడిగా చదవొచ్చు. 2023 లాంటి ఏడాది ముందెప్పుడైనా వచ్చిందా అని అడగాలంటే ఇలాంటి కోర్‌లే దిక్కు.

మన దేశంలో ఈ పనికి కేంద్రం గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. 2004లో సాగర్ కన్య ఓడ మీద దక్షిణ మహాసముద్రానికి తొలి యాత్ర వెళ్లింది, అప్పుడు తెచ్చిన కోర్‌ల మీద చాలా పేపర్లు వచ్చాయి. హిందూ మహాసముద్రం వైపు దక్షిణ భాగం, అట్లాంటిక్ వైపుతో పోలిస్తే తక్కువ కోర్‌లున్న ప్రాంతం, అక్కడ ప్రతి కోర్‌కూ విలువ ఎక్కువే.

ఇప్పుడు అందరి కళ్లూ ఉన్న ప్రశ్న వేరే ఉంది. దాదాపు 1,25,000 ఏళ్ల క్రితం, మంచుయుగాల మధ్య వచ్చిన వెచ్చటి కాలంలో సముద్రమట్టం ఇప్పటికంటే 6 నుంచి 9 మీటర్లు ఎక్కువ. ఆ నీటిలో పశ్చిమ అంటార్కిటికా మంచు వాటా ఎంత? అది అప్పుడు కూలిపోయిందా? 1998లో షెరర్ బృందమే పశ్చిమ అంటార్కిటికాలోని విలన్స్ మంచునది కింద, వేడినీటితో దాదాపు కిలోమీటరు మందం మంచుకు రంధ్రం చేసి తెచ్చిన మట్టిలో ప్లైస్టోసీన్ కాలపు (ప్లయోసీన్ తర్వాత వచ్చిన మంచుయుగాల కాలం) సముద్రపు డయాటమ్‌లు, వాటితో పాటు బెరిలియం-10 దొరికాయని చెప్పింది. బెరిలియం-10 వాతావరణంలో పుట్టి పైనుంచి రాలేది, కిలోమీటరు మంచు కిందికి చేరాలంటే ఒకప్పుడు అక్కడ ఆకాశం కనబడుతూ ఉండాలి. కాబట్టి ఆ మంచు ఒకసారైనా పోయింది, గాలి కథ ఇక్కడ కుదరదు. కానీ ఎప్పుడు? ఆ మట్టి మంచు కింద నలిగి కలగాపులగమైంది, పొరలు లేవు. నాలుగు లక్షల ఏళ్ల క్రితం వెచ్చటి కాలంలో అయ్యుండొచ్చని షెరర్ ఊహ, 1,25,000 ఏళ్ల నాటిది కాదని దాంతో చెప్పలేం, అవునని కూడా చెప్పలేం.

అందుకే న్యూజిలాండ్ ముందుండి నడుపుతున్న స్వైస్ టూ సీ అనే అంతర్జాతీయ ప్రాజెక్టు పశ్చిమ అంటార్కిటికా మంచు కింద, పొరలు చెదరని చోట్ల తవ్వి 200 మీటర్ల కోర్ తేవాలని లక్ష్యం పెట్టుకుంది. అలాంటి కోర్‌లో ఏం వెతకాలో సూటిగానే ఉంది: తెరిచిన సముద్రపు డయాటమ్‌లు నిండిన పొర, అది పేరుకున్నచోటే ఉండాలి, అందులో బెరిలియం-10 ఉండాలి, రౌక్సియా లెవెంటరే ఉండకూడదు. ఆ చివరిది లేకపోవడం ఒక్కటే అయితే కరిగిపోయిందేమో అనొచ్చు. అంతే పల్చటి పెంకున్న వేరే జాతులు అదే పొరలో చెక్కుచెదరకుండా కనిపిస్తే ఆ మాట చెల్లదు, ఆ పొర వయసు 1,40,000 ఏళ్ల లోపే.